బొట్టు పెట్టి పోగొట్టుకున్న స్టాప్

ఆ స్టాప్‌ను పోగొట్టింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పకపోతే మా బళ్లారి బ్రూస్‌పేట సందులో ఎవరో ఒకరు మీకు చెప్పనే చెబుతారు, అదీ ఒకటికి రెండు కలిపి చెబుతారు.

ఊరికి ట్రామ్ రావచ్చన్న మాట మొదట మా ఆయన మోసుకొచ్చాడు. టీ బంకు దగ్గర విన్నాడట. "రోడ్డు మీదే రైలంట. ఉండే రోడ్డు ఆటోలకే సాలదు, ఇంక రైలు యాడ పెడతారో" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఏదైనా కొత్తది వస్తుందంటే చాలు, అది రాకముందే దాని పీక నులిమేసే అలవాటు ఈ మగవాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో! "నువ్వు ఎక్కొద్దులే, మేం ఎక్కుతాం" అన్నాను. అప్పటికి ట్రామ్ అంటే ఏమిటో నాకూ తెలియదు.

నాలుగు రోజులకు మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి మా ఇంటికే వచ్చింది. లైన్ ఎటు పోవాలో, స్టాపులు ఎక్కడుండాలో ముందు ఊళ్లో వాళ్లను అడిగి, ఆ తర్వాతే ప్లాన్ గీస్తారట. నేను ఇంట్లో జీన్స్ ప్యాంట్లు కుడతాను, మా ఊళ్లో ఇంటింటా ఉండే పనే. కుర్చీ మీద బట్టల కట్ట ఉంది కాబట్టి ఆ పిల్ల కుట్టిన ప్యాంట్ల గుట్ట మీదే కూర్చుంది. కన్నడం సగం, మా తెలుగు సగం కలిపి మాట్లాడుతూ ట్యాబ్‌లో ఫొటోలు చూపించింది. ఏదో దేశంలో పొడవాటి బండి, రోడ్డు మధ్యలో పట్టాలు, తలుపు తెరుచుకుని నిలబడి ఉంది.

నా పక్కన దారాలు కత్తిరిస్తున్న మా వదిన కత్తెర ఆపింది.

"మెట్టు యాడుండాది దీనికి?" అంది.

"మెట్టు లేదమ్మా" అంది ఆ పిల్ల.

"లేదంటే? మరి ఎక్కేదెట్ల?"

"ఎక్కే పని లేదు. స్టాప్ నేల, బండి నేల రెండూ ఒకే ఎత్తు. నడుచుకుంటూ లోపలికి పోవడమే."

వదిన ఆ మాట మళ్లీ అడిగింది. ఇంకోసారి అడిగింది. మూడోసారి ఆ పిల్లే ఫొటో పెద్దది చేసి తలుపు దగ్గర వేలు పెట్టి చూపించింది. "గడప గూడా లేదే!" అంది వదిన నా వైపు తిరిగి. ఆమె మొహం అలా వెలగడం చూసి చాలా కాలమైంది.

మా వదిన సంగతి చెప్పాలి. ఆమె మా ఆయనకు అక్క. బండ్రి అనే ఊళ్లో ఇచ్చారు. మొగుడు పోయాక మా దగ్గరికి వచ్చేసింది. మనిషి ఊరికే కూర్చునే రకం కాదు. హగరి ఏటి వైపు మిరపకాయలు కోసే కూలికి ట్రాక్టర్ ట్రాలీలో పోయేది. ఒకరోజు ఆ ట్రాలీలోంచే కింద పడింది, తుంటి విరిగింది, లోపల రాడ్ వేశారు. ఆరేళ్లయింది. ఇంట్లో చేతికర్రతో తిరుగుతుంది, వంట చేస్తుంది, నన్ను తిడుతుంది, అన్నీ చేస్తుంది. ఒక్క మెట్టు ఎక్కడం మాత్రం ఆమె వల్ల కాదు. ఆటో ఎక్కాలంటే వెనక నుంచి ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. ఆ ఎవరో ఒకరు నేనే.

ఆస్పత్రికి తప్ప ఆమె బయటికి రాదు. పెళ్లికి పిలిస్తే "నాకు జనం పడదు" అంటుంది. నేనూ నమ్మేశాను.

పని ఉంది కావాలంటే. పెద్ద జీన్స్ షెడ్డులో కుట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే చెకింగ్ పని, కూర్చుని చేసేది. వదిన కన్ను పడితే తప్పిపోయిన కుట్టు దాక్కోలేదని ఆ షెడ్డు ఆయనకు తెలుసు. "ఎప్పుడొచ్చినా కూర్చోమ్మా" అని ఎన్నిసార్లు కబురు పెట్టాడో. ఆ పిల్ల చూపించిన గీత సరిగ్గా ఆ షెడ్డు ముందు నుంచే పోతుంది. అవతలి కొసన స్టాప్ ఎలాగూ ఉంది. ఇవతలి కొసన మా సందు మొగదల ఒకటి పడితే చాలు, ఆమె తనంతట తాను పనికి పోయి తనంతట తాను ఇంటికి రావచ్చు.

"ఆదివారం స్కూల్లో మీటింగ్ ఉంది, మ్యాపు పెడతాం, మీరే స్టాపులు పెట్టండి" అని చెప్పి ఆ పిల్ల వెళ్లింది. ఆదివారం దాకా మా ఇంట్లో వేరే మాట లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే కొళాయిలో నీళ్లు వచ్చాయి! మాకు నీళ్లు ఎప్పుడొస్తాయో ఆ దేవుడికే తెలియాలి. వచ్చినప్పుడు పెళ్లయినా చావైనా ఆగాల్సిందే. బిందెలు, డ్రమ్ములు, చివరికి చారు గిన్నెలు కూడా నింపుకుని, తడిసిన చీర కొంగులు పిండుకుంటూ మా సందు ఆడవాళ్లమంతా స్కూలుకు పరిగెత్తేసరికి మీటింగ్ సగమైంది. చెప్పాల్సిందంతా ముందే చెప్పేశారు. ముందొచ్చిన మగవాళ్లు ఆ పిల్లను, ఆమెతో వచ్చిన పెద్ద ఇంజనీరును చుట్టుముట్టి, ట్రామ్ వస్తే బండ్లు యాడ నిలబెట్టుకోవాలని గొంతులు చించుకుంటున్నారు.

బల్ల మీద మా పేట మ్యాపు పరిచి ఉంది. మంచం అంత ఉంది. మా సందు సన్న పేగులాగా కనిపించింది, అయినా కనిపించింది! పక్కన గుండ్రటి స్టిక్కర్ల షీట్లు. సగం ఎర్రవి, సగం పచ్చవి.

ఇంకేం అడగాలి? ఇంటికి కొత్త కుట్టు మిషన్ వస్తే బొట్టు పెడతాం. కొత్త బండికి పెడతాం, కొత్త తలుపుకు పెడతాం. చేతిలో గుండ్రంగా ఎర్రగా బొట్టులాంటిది పెట్టి, నీకు ఏది కావాలో అక్కడ అంటించు అంటే బళ్లారిలో ఏ ఆడది పచ్చదాన్ని ముట్టుకుంటుంది? మా సందు మొగదల మొదటి ఎర్ర స్టిక్కర్ నేనే అంటించాను. కళ్లకద్దుకుని మరీ అంటించాను. "రండి రండి, అమ్మవారికి పెట్టినట్టు పెట్టండి" అని అందరినీ లైన్లో నిలబెట్టాను. ఒకామె పచ్చది అంటించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "శుభమా అని స్టాప్ పెడుతుంటే అదేందమ్మా, ఎర్రది పెట్టు" అన్నాను. మేం అయిపోయేసరికి మా సందు మొగదల చీమ దూరే చోటు లేదు, అంతా ఎరుపే.

ఇంటికొచ్చి చెబితే వదిన నా నోట్లో చక్కెర పోసింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయని! వదిన సందులో నడక మొదలుపెట్టింది. మొదట మా గుమ్మం నుంచి పక్కింటి దాకా. వారానికి ఆ పై ఇంటి దాకా. రెండు వారాలకు సందు మొగదల దాకా పోయి, గోడకు ఆనుకుని నిలబడి, ఆగి, తిరిగి వచ్చింది. "ఏందే, ట్రామ్ కు లేట్ అయితాందా?" అని ఎదురింటామె ఆట పట్టిస్తే, "ఔ, నీకు గూడా సీటు పట్టల్లనా?" అని వదిన జవాబు. నేను మిషన్ తొక్కుతూ లోపలి నుంచి వింటూ నవ్వుకునేదాన్ని. పట్టా ముక్క కూడా పడలేదు, ఊరికి డబ్బులు మంజూరు కాలేదు, ఏదీ కాలేదు, కానీ మా సందులో మాత్రం ట్రామ్ తిరుగుతూనే ఉంది.

నెల తర్వాత స్కూలు గోడకు కొత్త మ్యాపు ఫ్లెక్సీ కట్టారు. మా ఆయన చూసొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "మన స్టాప్ లేదు" అన్నాడు.

"లేదంటే ఏంది?"

"లేదంటే లేదు. మార్కెట్ కాడ ఒకటుండాది. మన సందు కాడ ఏమీ లేదు."

నేను మిషన్ మీద నుంచి లేచిన ఊపుకు దారం తెగింది. స్కూలు దాకా ఎలా పోయానో నాకే తెలియదు. లోపల ఒక గదిలో ఆ పిల్లా, ఇంజనీరూ కూర్చుని ఉన్నారు, అభ్యంతరాలు చెప్పేవాళ్ల కోసం. "మీరు అడిగేదెందుకు, మేం చెప్పేదెందుకు?" అని మొదలుపెట్టాను. "నీళ్లు పట్టేది ఇడిసిపెట్టి వచ్చినాం! సందంతా వచ్చినాం! గోడకు చెప్పినా ఇంతకన్నా ఇంటుండె!" ఇంకా చాలా అన్నాను, అన్నీ రాయలేను.

ఆ పిల్ల అంతా విని, పాత మ్యాపు ఫొటో తీసి నా ముందు పెట్టింది. "అమ్మా, మీ సందు వాళ్లే కదా వద్దన్నారు? ఇంత గట్టిగా వద్దన్న చోటు ఈ పేటలో ఇంకొకటి లేదు. ఇన్ని ఎర్రవి!"

"ఎర్రవి ఉంటే?"

"పచ్చది బేకు. ఎర్రది బేడ. మొదట్లోనే చెప్పాను కదా."

కావాలంటే పచ్చ. వద్దంటే ఎరుపు. కుర్చీలో కూలబడి, ముందు నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. కళ్లకద్దుకుని మరీ, అందరి చేతులూ పట్టుకుని మరీ, మా స్టాప్‌ను మేమే తరిమేశాం. నీళ్ల సంగతి, బొట్టు సంగతి చెబితే ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. పాపం, నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో అర్థం కాలేదు.

ఇంజనీరు నవ్వలేదు. చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. "అది సరేనమ్మా, కానీ రెండు స్టాపులు మరీ దగ్గర దగ్గర పెట్టలేం. మార్కెట్ దగ్గరిది మీ సందు నుంచి ఐదు నిమిషాల నడక" అన్నాడు.

"ఐదు నిమిషాలు ఎవరికి సార్? మీకా, మా వదినకా?"

ఆయన మ్యాపు మీద వేలితో ఆ దూరం కొలిచాడు. తర్వాత, "ఆమెతోనే నడిచి చూద్దాం. గురువారం పొద్దున వస్తాం" అన్నాడు.

ఇంటికి పోయి వదినకు చెప్పడం స్కూల్లో అరిచినంత సులువు కాలేదు. తిట్టు తినడానికి సిద్ధపడే చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టి, నన్ను పైకీ కిందికీ చూసి, "బొట్టు పెట్టి మరీ పంపించినావు కదే, మర్యాదస్తురాలివే!" అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా సిగ్గేసింది.

గురువారం కోసం నేనొక ఉపాయం ఆలోచించాను. "వదినా, నాలుగు అంగళ్లు దాటినాక కూలబడు. అమ్మా అబ్బా అని మూలుగు. అంతే, స్టాప్ మనది" అన్నాను.

"దొంగ ఏడుపు నాకు చాత కాదు" అంది.

"దొంగేడుపు ఏముంది, నొప్పి ఉండేదే కదా!"

"ఉన్నెప్పుడు ఏడుస్తాలే" అని దువ్వెన తీసుకుని తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఉతికి పెట్టుకున్న నీలం చీర కట్టింది.

గురువారం పది గంటలకు మా సందంతా వెంట బయలుదేరింది. ముందు వదిన, చేతికర్ర. పక్కన ఆ పిల్ల. వెనక ఫోనులో టైము చూసుకుంటూ ఇంజనీరు. ఆ వెనక ఊరేగింపులాగా మేమంతా. మా ఆయన కూడా తను పనిచేసే షాపుకు సెలవు పెట్టి వచ్చాడు, ఎక్కొద్దన్నానుగా, చూడటానికైనా వచ్చాడు.

సందు మొగదల దాటాక వదిన ఆగి అటూ ఇటూ చూసింది. ఆరేళ్లుగా ఆ వీధిని ఆమె ఆటోలోంచే చూసింది, అదీ ఆస్పత్రికి పోతూ నొప్పితో. "గాజుల అంగడి యాడ పోయిందే?" అంది. "ఫోన్ల అంగడి అయింది వదినా." "ఈ మిద్దె ఎప్పుడు లేచింది?" "మూడేండ్లయింది." పూలమ్మే ఆమె గుర్తుపట్టి, "అక్కా! నడిసొస్తాండావా అక్కా!" అని అరిచి ఒక మూర మల్లెలు తెచ్చి తలలో తురిమింది. వదిన మొహం చూడాలి! పది అడుగులు వేసి ఆగుతుంది, ఎవరో పలకరిస్తారు, మళ్లీ పది వేస్తుంది.

నాలుగు అంగళ్లు దాటాయి. నేను వెనక నుంచి చీర కొంగు లాగాను. "కూసో వదినా." వినలేదు. ఎనిమిది దాటాయి. "కూసోమంటాండా కదా!" అని పళ్లు కొరికాను. "నువ్వు గమ్మునుండు" అంది, తల తిప్పకుండా. ఆమె చెమట మెడ మీదుగా కారుతోంది, అడుగు మాత్రం పడుతూనే ఉంది.

పోయింది. మ్యాపులో గీసిన స్టాప్ దాకా, మార్కెట్ దగ్గర బట్టల కొట్టు అరుగు దాకా, పూర్తిగా పోయింది!

మా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకరు ఈల కూడా వేశారు. తెలివితక్కువ మంద! ఎవరి కోసం నడుస్తున్నాం, దేని కోసం నడుస్తున్నాం? అందరికన్నా గట్టిగా కొట్టింది మా ఆయనే, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని. నాకు మాత్రం తల బాదుకోవాలనిపించింది. ఇంజనీరు టైము రాసుకుని, మెల్లగా, "టైము ఎక్కువైంది, కానీ వచ్చేశారు కదమ్మా" అన్నాడు. అయిపోయింది. మొదటిసారి నేను పోగొట్టాను, రెండోసారి ఆమె పోగొట్టింది, అనుకున్నాను.

ఆ పిల్ల మాత్రం వదిన పక్కన అరుగు మీద కూర్చుంది. నీళ్ల సీసా ఇచ్చింది. కాసేపాగి అడిగింది, "అమ్మా, ఇప్పుడు వెనక్కి నడుద్దామా?"

వదిన వచ్చిన దారి వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆమె తుంటిని రెండు చేతులతో నొక్కి పట్టుకుని ఉండటం అప్పుడు చూశాం అందరం.

"వద్దులే పాపా" అంది. "వచ్చేటప్పుడు సంతోషం తోడొచ్చింది. పోయేటప్పుడు కాలే పోవల్ల. అది రాదు."

ఇంజనీరు ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఆటో పిలిచాం. నేను ఎప్పటిలాగే వెనక్కి పోబోతే మా ఆయన, "నువ్వుండు, నేను ఎత్తుతా" అని చంకల కింద చేతులు వేశాడు. ఇంకొకాయన కాళ్లు పట్టాడు. నేను ఆటో లోపల కూర్చుని ఆమెను అందుకోవాలి. అలా ఆరేళ్లలో మొదటిసారి నేను ఆమెకు ఎదురుగా ఉన్నాను.

డ్రైవర్ "బేగ బేగ" అని తొందర పెడుతున్నాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. చీర మోకాలి దాకా లేచింది, అంతసేపూ చప్పట్లు కొట్టిన జనం ముందే. వదిన కళ్లు గట్టిగా మూసుకుంది. పళ్ల మధ్య పెదవి నొక్కి పట్టింది. తల్లో మల్లెలు ఊడి కింద పడ్డాయి. అది నొప్పి కాదు. నొప్పి పడే మొహం నాకు తెలుసు. మూట ఎత్తినట్టు ఎత్తుతుంటే, ఎప్పుడు అయిపోతుందా అని లెక్కపెట్టుకుంటున్న మొహం అది. వెనక నిలబడి ఎత్తినన్ని రోజులూ నాకు కనబడిందల్లా ఆమె వీపే. జనం పడదని ఎందుకు చెప్పేదో నాకు ఆ ఆటోలో తెలిసింది.

ఇంజనీరు అంతా చూశాడు. ఆ పిల్లా చూసింది. వాళ్లిద్దరూ ఆటో వెంటే నడిచి మా సందు మొగదలకు వచ్చారు. అక్కడ ఆయన ట్యాబ్ తెరిచి, మార్కెట్ దగ్గరున్న గుర్తును వేలితో జరిపి, మా సందు మొగదల పెట్టాడు. మార్కెట్‌కు నడవగలిగేవాళ్లు ఇక్కడి నుంచి నడుస్తారులే అన్నాడు. మా ముందే జరిపాడు, మేం చూస్తుండగానే! సందంతా కేకలు. మా ఆయన ఇంజనీరు చెయ్యి పట్టుకుని వదలడు. ఆ తర్వాత కట్టిన ఫ్లెక్సీలో కూడా అది అక్కడే ఉంది, పేరుతో సహా. పట్టాలు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు, ఉన్నమాట.

ఆ కేకల మధ్య ఆటో డ్రైవర్ విసుక్కున్నాడు. "దింపండమ్మా, నాకు బాడుగ ఉండాది." నేను అలవాటు కొద్దీ ఆమె చంకల వైపు చేతులు చాచాను. చాచి ఆగిపోయాను. మా మాట వినకుండా గీత గీశారని స్కూలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచినదాన్ని, ఈమెను ఒక్కనాడైనా ఒక్క మాట అడిగానా?

"వదినా, ఎట్ల పట్టుకోమంటావు?" అన్నాను.

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. అడిగింది నేనేనా అన్నట్టు చూసింది.

"ఎత్తొద్దు" అంది. "చెయ్యి ఇయ్యి, అంతే. నేను కూసోని, జరిగి, మంచి కాలు ముందు పెడతా. నిదానం అయితాది."

"అయితే కానీ."

డ్రైవర్ మళ్లీ హారన్ కొట్టాడు. వాణ్ని నేను తిట్టిన తిట్లు మా సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు. వదిన నా చెయ్యి పట్టుకుని, సీటు అంచుకు జరిగి, చీర తానే సర్దుకుని, మంచి కాలు కింద పెట్టి, తనంతట తాను దిగింది.